జింక ఎవరిదీ కాదు, చేను మాత్రం రైతుదే
బ్రిటన్‌లో వేట క్లబ్బులు, జర్మనీలో ఊరి వేట సంఘాలు నడిచే తీరు... మన రైతు గమనించాల్సింది ఏమిటి?

రాత్రంతా కాపలా కాసి తెల్లవారుజామున ఒక్క కునుకు తీసిన రైతుకే తెలుస్తుంది ఆ బాధ. లేచి చూస్తే చేను గట్టు పొడవునా డెక్కల గుర్తులు. చిగుళ్లన్నీ కొరికేసిన మొక్కలు. మంద పడుకున్న చోట నలిగిపోయిన పైరు. కర్నూలు వైపు నల్లరేగడి పొలాల్లోనూ, కృష్ణ ఒడ్డున మక్తల్ వైపు చేలల్లోనూ కృష్ణజింకలతో పడుతున్న అవస్థ ఇదే. జింకను ముట్టుకుంటే చట్టం ఊరుకోదు. పంట పోతే అడిగే నాథుడు ఉండడు. జింక ప్రభుత్వానిదైతే నష్టం ఎవరిది అన్నది రైతు ప్రశ్న.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండు రైతుకు గోధుమ చేలో, స్కాట్లండు రైతుకు పచ్చిక బయళ్లలో, జర్మనీ రైతుకు మొక్కజొన్నలో ఇదే తంతు. అయితే ఆ దేశాల్లో జింకను కాల్చడానికి చట్టంలో వీలుంది. ఆ పని జీతానికి చేసేవాళ్లు కొందరుంటే, సొంత ఖర్చు పెట్టుకొని సరదాకు చేసేవాళ్లు చాలామంది. వాళ్లలో కొందరు క్లబ్బులుగా ఏర్పడి రైతుల దగ్గరా, ఎస్టేటు యజమానుల దగ్గరా పొలాలు, అడవులు వేటకు మాట్లాడుకుంటారు.

ముందుగా ఒక హెచ్చరిక. మన దేశంలో సరదా వేట పూర్తిగా నిషేధం. ఈ వ్యాసం చదివి ఎవరూ తుపాకి పట్టుకోవద్దు. మనం చూడాల్సింది తుపాకిని కాదు. అక్కడ రైతుకూ, వేటగాడికీ మధ్య నడిచే కాగితాన్ని. ఆ కాగితంలో మనకు పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

జింక ఎవరిది?

బ్రిటన్ చట్టం ప్రకారం అడవిలో తిరిగే జింకకు యజమాని లేడు. రాజుదీ కాదు, ప్రభుత్వానిదీ కాదు, రైతుదీ కాదు. కానీ దాన్ని వేటాడే హక్కు మాత్రం నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. జింక ఎవరి పొలంలో ఉంటే ఆ పొలం తాలూకు హక్కుదారుకే దాన్ని కాల్చే వీలు. గట్టు దాటి పక్క పొలంలోకి పోయిందా, ఇక అది పక్కవాడి లెక్క.

మన ఊరి చెరువు సంగతి గుర్తు చేసుకోండి. చేపలు నీళ్లలో ఎటైనా ఈదుతాయి. కానీ పాట పాడుకున్నవాడికే వల వేసే హక్కు. అక్కడ జింక విషయం కూడా అలాంటిదే. ఆ హక్కును భూమి యజమాని తానే వాడుకోవచ్చు, కౌలుకు ఇవ్వొచ్చు, ఊరికే రమ్మనవచ్చు, గేటు మూసేయనూ వచ్చు.

ఇంగ్లండు, వేల్స్‌లకు 1991 నాటి జింకల చట్టం ఉంది. యజమాని గానీ సాగుదారు గానీ ఒప్పుకోకుండా జింక కోసం పొలంలో అడుగు పెడితేనే నేరం. కాల్చనక్కర్లేదు, వెతుక్కుంటూ వచ్చినా చాలు. స్కాట్లండుకు 1996లో వేరే చట్టం వచ్చింది. స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం జనానికి కొండల్లో, పొలాల అంచుల్లో నడిచే హక్కు ఇచ్చింది. అయితే ఆ హక్కు వేటకూ, తుపాకి కాల్చడానికీ, చేపలు పట్టడానికీ వర్తించదని అదే చట్టంలో రాసి ఉంది. నడిచి వెళ్లేవాడు ఎవరైనా రావచ్చు. తుపాకితో వచ్చేవాడు మాత్రం అడిగి రావాలి. వేట క్లబ్బుల కథంతా ఈ 'అడిగి రావడం' చుట్టూనే తిరుగుతుంది.

ఇన్ని జింకలు ఎక్కడివి?

బ్రిటన్‌లో ఇప్పుడు ఆరు రకాల జింకలున్నాయి. ఎర్ర జింక, రో జింక అక్కడివే. ఫాలో జింకను నార్మన్ రాజుల కాలంలో తెచ్చారంటారు. సికా జింక తూర్పు ఆసియా నుంచి 19వ శతాబ్దంలో వచ్చింది. చైనా నుంచి తెచ్చిన ముంట్జాక్, నీటి జింక 20వ శతాబ్దంలో పార్కుల నుంచి తప్పించుకొని పొలాల మీద పడ్డాయి. ముంట్జాక్ అంటే మన అడవుల్లో మొరిగే జింకకు దగ్గరి చుట్టం.

అన్నీ కలిపి సుమారు 20 లక్షలు ఉంటాయని తరచూ చెప్పే అంచనా. అక్కడ తోడేలు అంతరించి కొన్ని వందల ఏళ్లయింది. పులి, చిరుత ముందే లేవు. జింకను తినే జంతువు లేకపోతే మంద పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. పైగా శీతాకాలంలోనూ పచ్చగా ఉండే గోధుమ, ఆవ జాతి పంటలు వాటికి మంచి మేత. కొత్తగా నాటిన చెట్ల చిగుళ్లు తిని, బెరడు గీరి పాడు చేస్తాయి. ఏటా కొన్నింటిని తగ్గించక తప్పదని రైతులూ, అటవీశాఖ వాళ్లూ ఒప్పుకుంటారు.

క్లబ్బు ఎందుకు పెడతారు?

జింకను దూరం నుంచి కనిపెట్టి, గాలివాటు చూసుకొని, చప్పుడు కాకుండా దగ్గరికి చేరి ఒకే గుండుతో కొట్టడాన్ని అక్కడ స్టాకింగ్ అంటారు. కుక్కలతో తరమడం, గుంపుగా కేకలు వేస్తూ తోలడం ఇందులో ఉండవు. ఒక్కడే వస్తాడు, లేదా నేర్పేవాడు పక్కన ఉంటాడు.

దీనికి కావలసింది రెండు. ఒకటి, పోలీసులు ఇచ్చే తుపాకి పత్రం. రెండు, వేటాడటానికి చోటు. ఈ రెండింటికీ ముడి ఉంది. తుపాకి ఎందుకు కావాలో సరైన కారణం చూపనిదే పోలీసులు పత్రం ఇవ్వరు. "ఫలానా రైతు తన పొలంలో జింకలు కాల్చడానికి ఒప్పుకున్నాడు" అన్న ఉత్తరం ఆ కారణాల్లో ముఖ్యమైంది. అంటే పట్నంలో ఉద్యోగం చేసుకునే వేట సరదాగాడికి రైతు సంతకం బంగారంతో సమానం.

సొంతంగా ఒక ఎస్టేటు కౌలుకు తీసుకోవడం ఒక్కడి వల్ల కాదు. డబ్బు చాలదు, తీరిక చాలదు. అందుకని కొంతమంది కలిసి క్లబ్బు పెట్టుకుంటారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సభ్యుల్లోంచే ఉంటారు. ఏడాది చందా కడతారు. ఆ డబ్బుతో కౌలు, బీమా, మంచెల ఖర్చు గడుస్తుంది. లాభం పంచుకునే వ్యాపారం కాదు. మన పాల సంఘం, పొదుపు సంఘం లాగానే సభ్యులే నడుపుకుంటారు.

కార్యదర్శి దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. పొలాన్ని, అడవిని కొన్ని ముక్కలుగా విడదీస్తారు. ఏ రోజు ఏ ముక్కలోకి ఎవరు వెళ్తున్నారో ముందుగా రాయించుకోవాలి. వెళ్లేటప్పుడు చెప్పాలి, తిరిగొచ్చాక చెప్పాలి. ఒకే అడవిలో ఒకరికి తెలియకుండా ఇంకొకరు తుపాకితో తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు కదా.

కొత్త సభ్యుడిని ఒంటరిగా పంపరు. చాలాచోట్ల వేటగాళ్లకు ఇచ్చే మొదటి స్థాయి సర్టిఫికెట్ పరీక్ష ప్యాసవ్వాలని షరతు పెడతారు. జింక రకం గుర్తుపట్టడం, చట్టం, తుపాకి భద్రత, మాంసం శుభ్రత ఆ పరీక్షలో ఉంటాయి. ఆ పైన రెండో స్థాయి కూడా ఉంది. అందులో పొలంలో స్వయంగా చేసి చూపించాలి. ఇలాంటి శిక్షణలో, సలహాల్లో బ్రిటిష్ డీర్ సొసైటీ వంటి పెద్ద సంఘాల చేయి ఉంది. ఆ సొసైటీ 1963లో పుట్టింది.

రైతుకు ఇందులో ఏముంది?

రైతుకు రెండు దారులు. పెద్ద ఎస్టేటుకు, మంచి కొమ్ముల జింకలున్న అడవికి క్లబ్బు కౌలు కడుతుంది. మామూలు రైతు పొలమైతే చాలాసార్లు డబ్బు ఉండదు. "మీరు జింకల్ని తగ్గించండి, నేను దారి ఇస్తాను" అన్న ఒప్పందం. రైతుకు పైసా రాకపోయినా పంట మిగులుతుంది.

ఎలాంటిదైనా నోటిమాటతో నడపొద్దని అనుభవజ్ఞులు చెబుతారు. మంచి ఒప్పంద పత్రంలో ఈ సంగతులు రాసుకుంటారు:

1. పొలం పటం. హద్దులు, కాలిబాటలు, ఇళ్లు, పశువుల మేత స్థలాలు గుర్తించి ఉండాలి.
2. ఎవరెవరు రావచ్చు. పేరు లేనివాడు, స్నేహితుడి స్నేహితుడు రాకూడదు.
3. ఏ రకం జింక, ఆడవి ఎన్ని, మగవి ఎన్ని తీయాలి.
4. వచ్చే ముందు ఎవరికి చెప్పాలి. కోతలు, గొర్రెల ఈతలు జరిగే రోజుల్లో రావద్దని రైతు చెప్పే వీలు.
5. బండి ఎక్కడ ఆపాలి, గేట్లు ఎలా ఉంచాలి, పైరులో నడవకూడని చోట్లు.
6. చంపిన జింక ఎవరిది. మొత్తం క్లబ్బుదా, రైతుకు వాటా ఉందా?
7. బీమా. గుండు తగిలి మనిషికో, పశువుకో దెబ్బ తగిలితే పరిహారం ఎవరు కడతారు.
8. ఒప్పందం ఎన్నాళ్లు, ఎన్ని రోజుల ముందు చెప్పి రద్దు చేసుకోవచ్చు.
9. ఏడాది చివర లెక్క. ఏ తేదీన, ఎక్కడ, ఏ జింక అన్నది రాసి ఇవ్వాలి.

ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం. లెక్క లేకపోతే జింకలు తగ్గాయో పెరిగాయో రైతుకు తెలియదు. క్లబ్బు పని చేసిందో, షికారు చేసి పోయిందో తేలదు.

గుండు దిగేచోటు మట్టి ఉండాలి

ఏ తుపాకి పడితే ఆ తుపాకి పనికిరాదు. ఇంగ్లండులో జింకకు రైఫిలు వాడాలి. పెద్ద జింకలకు గొట్టం కొలత 0.240 అంగుళాలకు తగ్గకూడదు. చిన్న గుండుతో గాయపడ్డ జింక రోజుల తరబడి బాధపడి చస్తుందని ఈ నియమం. విల్లు, బాణం నిషేధం. సూర్యాస్తమయమైన గంట తర్వాత నుంచి, సూర్యోదయానికి గంట ముందు వరకు ప్రత్యేక అనుమతి లేనిదే కాల్చకూడదు.

రైఫిలు గుండు జింకలోంచి దూసుకుపోయి కిలోమీటర్ల దూరం పోగలదు. అందుకే జింక వెనక మట్టి దిబ్బో, కొండవాలో కనిపిస్తేనే ట్రిగ్గరు నొక్కాలి. గట్టు మీద, ఆకాశం వెనకగా కనిపించే జింకను కాల్చకూడదు. మైదానం పొలాల్లో ఇందుకు మంచెలు వేసుకుంటారు. మన జొన్న చేలో పిట్టలు కొట్టడానికి వేసే మంచె లాంటిదే. పైనుంచి కిందికి కాల్చితే గుండు నేలలో దిగుతుంది. మనకు మంచె చూపు కోసం, వాళ్లకు చూపుతో పాటు భద్రత కోసం.

కాలం కూడా చట్టమే చెబుతుంది. ఇంగ్లండులో ఎర్ర జింక, ఫాలో, సికా, రో రకాల్లో ఆడవాటిని నవంబరు 1 నుంచి మార్చి 31 వరకే కాల్చాలి. మిగతా నెలల్లో కడుపుతోనో, పాలుతాగే పిల్లతోనో ఉంటాయి. తల్లి పోతే పిల్ల ఆకలితో చస్తుంది. మగ రో జింకకు ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు అనుమతి. ఏడాది పొడవునా ఈనే ముంట్జాక్‌కు విరామ కాలమే లేదు. స్కాట్లండులో 2023 అక్టోబరు నుంచి మగ జింకలకు విరామ కాలం ఎత్తేశారు. సంఖ్య అంతగా పెరిగిందన్నమాట. పంటకు గట్టి నష్టం జరుగుతోందని, ఇంకా జరుగుతుందని చూపగలిగితే సాగుదారు విరామ కాలంలోనూ తన పొలంలో కాల్చుకునే వెసులుబాటు 1991 చట్టంలో ఉంది.

తగాదా ఎక్కడ వస్తుంది?

సరదా వేటగాడికి కావలసింది కొమ్ములు. రైతుకు కావలసింది మంద తగ్గడం. ఈ రెండూ ఒకటి కాదు.

గొర్రెలు పెంచేవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మందలో పది పొట్టేళ్లను అమ్మేసి ఒక్కదాన్ని ఉంచినా వచ్చే ఏడు పిల్లలకు లోటుండదు. ఎర్ర జింకలోనూ అంతే. ఒక్క మగది చాలా ఆడవాటితో కడుతుంది. రో జింక తరచూ కవల పిల్లల్ని పెడుతుంది. ఎన్ని మగవాటిని కాల్చినా మంద తగ్గదు. ఆడవాటిని తగ్గిస్తేనే తగ్గుతుంది. కానీ ఆడ జింకల కాలం నవంబరు నుంచి మార్చి వరకు. చలి, వాన, బురద, తొందరగా చీకటి. వేసవిలో కొమ్ముల కోసం పోటీపడే సభ్యులు జనవరిలో దుప్పట్లో ఉండిపోతారు.

అందుకే తెలిసిన రైతు ఒప్పందంలో ఆడవాటి సంఖ్య ముందు రాయిస్తాడు. చలికాలం పని పూర్తి చేస్తేనే వేసవిలో గేటు తీస్తానంటాడు. మంచి క్లబ్బు కూడా ఆడవాటిని తీయడంలో పాలుపంచుకోని సభ్యుడికి మగ జింకను ఇవ్వదు.

రెండో తగాదా గట్ల దగ్గర. ఒక రైతు పొలంలో కాలుస్తుంటే జింకలు కాల్పులు లేని పక్క తోటలో చేరి రాత్రి మేతకు తిరిగొస్తాయి. ఒక్కడి పొలంలో జరిగే పని మందకు లెక్కలోకి రాదు. అందుకని చాలా ప్రాంతాల్లో పక్కపక్క యజమానులు కలిసి జింకల నిర్వహణ బృందాలు పెట్టుకున్నారు. జింకలను కలిసి లెక్కబెట్టి, ఎవరు ఎన్ని తగ్గించాలో మాట్లాడుకుంటారు.

చిన్న కమతాలైతే జర్మనీ దారి

ఇంతవరకు చెప్పింది ఎక్కువగా పెద్ద కమతాల కథ. వంద ఎకరాల రైతుకు క్లబ్బుతో బేరం కుదురుతుంది. నాలుగెకరాల రైతు మాటేమిటి? అతని ముక్కలో మంచె వేస్తే గుండు పక్కవాడి చేలో దిగుతుంది. ఈ చిక్కుకు జర్మనీ వేరే దారి కనిపెట్టింది.

జర్మనీలో 1848 విప్లవం దాకా వేట దొరల సొత్తు. రైతు పంటలో దొర గుర్రం తొక్కుకుంటూ పోయినా రైతు మాట్లాడే వీలు లేదు. ఆ విప్లవంతో పరాయి భూమి మీద దొరల వేట హక్కు పోయింది. వేట హక్కు భూమి యజమానికి దక్కింది. కానీ ప్రతి చిన్న ముక్కలోనూ ఒక తుపాకి అయితే ఊరు ఏమవుతుంది? అందుకని హక్కు యజమానిదే, వాడుక మాత్రం ఉమ్మడిగా అన్నారు. 1952 నాటి వేట చట్టం ఈ పద్ధతిని దేశమంతటికీ ఖాయం చేసింది.

దాని ప్రకారం ఒకేచోట 75 హెక్టార్లు, అంటే సుమారు 185 ఎకరాలు ఉన్నవాడికి సొంత వేట ప్రాంతం ఉంటుంది. అంతకంటే తక్కువ ఉన్న వాళ్లందరి భూములు కలిపి ఊరికి ఒక ఉమ్మడి వేట ప్రాంతం. అది మామూలుగా 150 హెక్టార్లకు తగ్గకూడదు. ఆ భూముల యజమానులంతా వేట సహకార సంఘంలో సభ్యులు. చేరతావా అని అడగరు. భూమి ఉంటే సభ్యత్వం ఉన్నట్టే.

సంఘం ఆ హక్కును వేటగాళ్లకు కౌలుకు ఇస్తుంది. ఒకరు తీసుకోవచ్చు, కొందరు కలిసీ తీసుకోవచ్చు. కౌలు 9 ఏళ్లకు తగ్గకుండా ఉండాలని దేశ చట్టం చెప్పింది. కొన్ని విషయాల్లో రాష్ట్రాలు తమ సవరణలు చేసుకున్నాయి. ఏడాదికోసారి మారే కౌలుదారు కొమ్ములు ఏరుకొని పోతాడు. తొమ్మిదేళ్లు ఉండేవాడికి పైరు మీద, మంద మీద పట్టింపు ఉంటుందని దీని ఆలోచన.

చిన్న రైతుకు రక్షణ ఓటు లెక్కలో ఉంది. ఏ తీర్మానానికైనా రెండు మెజారిటీలు కావాలి. హాజరైన సభ్యుల్లో మెజారిటీ ఒకటి. వాళ్ల భూమి విస్తీర్ణంలో మెజారిటీ ఇంకొకటి. అరెకరం వాళ్లంతా కలిసినా పెద్ద రైతును కాదనలేరు. పెద్ద రైతు ఒక్కడే తన ఎకరాలు చూపి చిన్నవాళ్లను తొక్కేయలేడు.

కౌలు డబ్బు విస్తీర్ణం ప్రకారం పంచుకోవచ్చు. లేదా పొలాల దారులు వేయడం వంటి ఊరి పనికి ఖర్చు పెట్టుకోవచ్చు. అలా ఖర్చు పెట్టడానికి ఒప్పుకోని సభ్యుడు తన వాటా ఇమ్మని అడిగితే ఇవ్వాల్సిందే. అయితే తీర్మానం ప్రకటించిన నెలలోగా అడగాలి.

అసలు సంగతి పంట నష్టానిది. జింకలు, అడవి పందులు వంటి డెక్కల జంతువులు పంట తింటే సంఘం పరిహారం కట్టాలి. కౌలు పత్రంలో ఆ బాధ్యత కౌలుదారు మీద పెడితే అతనే కట్టాలి. దాంతో వేటగాడికి జింకల సంఖ్య మీద భయం, భక్తి రెండూ ఉంటాయి. మంద పెరిగితే జేబు చిరుగుతుంది. అయితే రైతుకూ షరతులున్నాయి. ద్రాక్షతోట, పండ్లతోట వంటి వాటికి మామూలుగా వేసే కంచె కూడా వేసుకోకపోతే పరిహారం రాదు. వేటగాడు పెట్టిన రక్షణను రైతే పాడు చేసినా రాదు.

ఈ పద్ధతికి విమర్శ లేకపోలేదు. జంతువులను చంపడం తన మనసుకు ఇష్టం లేదన్న ఒక భూయజమాని యూరోపు మానవ హక్కుల కోర్టుకెక్కాడు. అలాంటివాడిని బలవంతంగా వేట సంఘంలో ఉంచడం తప్పని 2012 జూన్‌లో తీర్పు వచ్చింది. మరుసటి ఏడు జర్మనీ చట్టం సవరించి, మనసు ఒప్పని వ్యక్తి దరఖాస్తు చేసుకొని తన భూమిని వేట నుంచి తప్పించుకునే వీలు కల్పించింది.

నెల, వారం, 72 గంటలు

రైతు హక్కు ఎంత మంచిదైనా గడువు దాటితే ఒట్టి కాగితమే. ఇది అన్ని దేశాల్లో ఒకటే.

ఇంగ్లండులో చాలా కౌళ్లలో వేట హక్కు భూస్వామి తన దగ్గరే ఉంచుకుంటాడు. అలాంటప్పుడు 1986 నాటి వ్యవసాయ కౌళ్ల చట్టం కిందికి వచ్చే పాత కౌలుదారు పంట నష్టం భూస్వామి నుంచి అడగొచ్చు. కానీ నష్టం తెలిసిన నెలలోగా రాతపూర్వకంగా చెప్పాలి. కోత మొదలెట్టక ముందే భూస్వామి వచ్చి చూసుకునే అవకాశం ఇవ్వాలి. కోసేశాక చెబితే చెల్లదు.

జర్మనీలో పొలం నష్టానికి గడువు ఇంకా తక్కువ. తెలిసిన వారంలోగా అధికారులకు చెప్పాలి. "నాకు తెలియలేదు" అంటే కుదరదు. మామూలుగా పొలం చూసుకునే రైతుకు ఎప్పుడు తెలిసి ఉండాలో ఆ రోజు నుంచే లెక్క.

ఇక మన దగ్గరికి వద్దాం. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో అడవి జంతువుల నష్టాన్ని అదనపు రక్షణగా చేరుస్తున్నామని, 2026 ఖరీఫ్ నుంచి అమలని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులు, ఏ జిల్లాలు, ఏ మండలాలు అన్నది రాష్ట్రాలు ప్రకటించాలి. నష్టం జరిగిన 72 గంటల్లోగా పొలం ఫొటోలతో యాప్‌లో తెలపాలి. అంటే మూడు రోజులు. ఇంగ్లండు రైతుకు నెల, జర్మనీ రైతుకు వారం, మనకు మూడు రోజులు!

మనకు కుదిరేది, కుదరనిది

కుదరనిది ముందు చెప్పుకుందాం. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షను వేటను నిషేధించింది. 1991 సవరణతో సరదా వేట లైసెన్సులకు కాలం చెల్లింది. తుపాకితో కాల్చడమే వేట కాదు. ఉచ్చు వేసినా, బోను పెట్టినా, విషం పెట్టినా వేటే. కృష్ణజింక ఒకటో షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. పంట తిన్నదన్న కారణంతో దాన్ని కాల్చడానికి అనుమతి దొరకదు. అడవి పంది వంటి రెండో షెడ్యూలు జంతువు పంట నష్టం చేస్తుంటే, అధికారం ఉన్న అటవీ అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వులో రాసినవాడే, రాసిన పద్ధతిలోనే చేయాలి. చంపిన జంతువు ప్రభుత్వ సొత్తు. వండుకున్నా, అమ్ముకున్నా నేరమే.

కంచెకు కరెంటు లైను తగిలించే రైతులకు మరీ మరీ చెబుతున్నాం. అది జంతువు కోసం పెట్టినా, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క పొలం రైతునో, సొంత కొడుకునో తీసుకుపోతుంది. సోలారు కంచె వేరు. అది ఆగి ఆగి కొట్టే చిన్న దెబ్బ, బెదిరిస్తుంది గానీ చంపదు. లైను కరెంటు ఒక్కసారి పట్టుకుంటే వదలదు.

కుదిరేది కూడా ఉంది. క్లబ్బువాళ్ల పుస్తకం, ఒప్పందం, కలిసి నడిచే పద్ధతి మనం తుపాకి లేకుండానే తీసుకోవచ్చు. నాలుగెకరాల చుట్టూ ఒక్కడే కంచె వేస్తే ఖర్చు మోయలేడు. ఇరవై మంది పొలాలు ఒక చెక్కగా కలిపి బయటి గట్టుకే కంచె వేస్తే మనిషికి పడే వాటా బాగా తగ్గుతుంది. కంచె బాగు ఎవరిది, రాత్రి కాపలా వంతు ఎవరిది, ఎవరు ఎంత ఇచ్చారు అన్నది కాగితం మీద పెట్టుకోకపోతే రెండో ఏటికే తగాదా. వాటా లెక్క ఎకరాల మీదా, ఓటు మనిషికొకటా అన్నది ముందే తేల్చుకోవాలి. జర్మనీ వాళ్ల రెండు మెజారిటీల లెక్క ఇక్కడ పనికొస్తుంది.

అక్కడ జింక ఎవరిదీ కాదు. ఇక్కడ జింక అందరిదీ, మనం కాపాడుకోవాల్సింది. ఎక్కడైనా చేను మాత్రం రైతుదే. దాన్ని కాపాడేది తుపాకి ఒక్కటే అనుకోవడం పొరపాటు. వేళకు రాసిన అర్జీ, నలుగురితో కలిసి వేసిన కంచె కూడా కాపాడతాయి.

పంటను జంతువులు తింటే వెంటనే చేయాల్సినవి

* డెక్కల గుర్తులు, కొరికిన మొక్కలు, పొలం మొత్తం కనిపించేలా అదే రోజు ఫొటోలు తీయండి. గుర్తులు చెరిగిపోక ముందే తీయాలి.
* తేదీ, సర్వే నంబరు, పంట, ఎన్ని సెంట్లు పోయిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. పక్క పొలం రైతు చేత సంతకం పెట్టించుకోండి.
* బీమా ఉంటే 72 గంటల్లోగా యాప్‌లో తెలపండి. పంటల బీమా సహాయ నంబరు 14447. మీ జిల్లా, మీ పంట, ఆ జంతువు జాబితాలో ఉన్నాయో లేదో సీజను మొదట్లోనే వ్యవసాయ అధికారిని అడగండి.
* అటవీశాఖ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.
* అధికారులు వచ్చి చూసేదాకా పాడైన భాగాన్ని దున్నకండి, కోయకండి.
* కౌలు రైతులు కౌలు పత్రం, పంట నమోదు కాగితం ముందే సిద్ధంగా ఉంచుకోండి. పంట మీ పేర నమోదు కాకపోతే నష్టం మీదే అయినా పరిహారం మీ చేతికి రావడం కష్టం.